తాళంలో కూర్చున్న మనిషి

జనగామ స్టేషన్‌లో రైలు దిగిన డాక్టర్ కరుణాకర్ మెట్ల వంతెన దాకా కూడా పోలేదు. రద్దీలో ఎవరో భుజం రాసుకుంటూ వెళ్లారు. అంతే! నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కాళ్లూ చేతుల్లో కండలు వాటంతటవే అదరడం. జనం మూగేలోపే ఊపిరి ఆగిపోయింది. మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఆయన. ఒక విదేశీ ముఠాకు విషం తయారుచేసి ఇచ్చి, ఆ తర్వాత నిద్ర పట్టక మన గూఢచారి డిపార్ట్‌మెంటుకు సమాచారం చేరవేస్తున్నాడు.

ఆ సాయంత్రమే హైదరాబాద్‌లో బ్రీఫింగ్. చీఫ్ లక్ష్మీకాంత్ ఎదురుగా ఇద్దరు ఏజెంట్లు. బలరాం ములుగు పక్క తండాలో పుట్టినవాడు. శ్రీలత ఢిల్లీలో పెరిగింది. ఆమె గదిలోకి వస్తే ఫైళ్లు చూసేవాళ్లు కూడా తలెత్తుతారు.

"మెదడులో నరాల కణాలు ఒకదాన్నొకటి తాకవు," అన్నాడు చీఫ్. "మధ్యలో సన్నటి ఖాళీ ఉంటుంది. కరెంటు ఆ అంచు దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి ఒక రసాయనం దూతలా ఖాళీ దాటి, అవతలి కణం మీది తాళంలో చెవిలా దూరుతుంది. కండలకు కబురు చేరేదీ ఇలాగే. కబురు అందగానే ఆ దూతను ఊడ్చేసే ఎంజైమ్ ఒకటుంది. ఈ విషం ఆ ఊడ్చేవాణ్ణి చంపుతుంది."

"అప్పుడు?"

"కాలింగ్ బెల్ నొక్కినప్పుడు స్విచ్ ఇరుక్కుపోతే ఎలా ఉంటుంది? మోగుతూనే ఉంటుంది. చివరికి ఊపిరి పీల్చే కండలు కూడా అలిసి ఆగిపోతాయి."

ముఠా నడిచేదీ ఈ పద్ధతిలోనేనట. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. మధ్యలో దూత కోడ్‌వర్డ్ తెస్తాడు. భూపాలపల్లి దగ్గరి ఒక భూగర్భ గనిలో, లోపలికి గాలి పంపే ఫ్యాన్‌హౌస్‌లో ముఠా మనిషి ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. విషం సిలిండర్‌ను గాలి గొట్టానికి బిగించి కూర్చున్నాడు. పొద్దటి షిఫ్టు దిగాక దూత వచ్చి "నాట్లు అయిపోయినయా" అనగానే వాల్వ్ తిప్పేస్తాడు. వాణ్ణి ఇప్పుడే పట్టుకుంటే దూత జారిపోతాడు, ఇంకో ఊళ్లో ఇంకో సిలిండర్ తెరుచుకుంటుంది. ఆ దూత మహబూబాబాద్ దగ్గరి గూడూరు మీదుగా వస్తాడన్నది కరుణాకర్ ఇచ్చిన ఆఖరి సమాచారం. దారిలోనే పట్టాలన్నది చీఫ్ ఆర్డర్.

 ఆ గనిలో పొద్దటి షిఫ్టుకు దిగేవాళ్లలో బలరాం అన్న దేవ్‌సింగ్ ఉన్నాడు. తండ్రి పోయాక తను బడి మానేసి తమ్ముణ్ణి చదివించిన అన్న. తమ్ముడు ఎరువుల కంపెనీలో పని చేస్తున్నాడనే ఇప్పటికీ నమ్ముతున్నాడు. పనికి పోవద్దని ఒక్క మాట చెబుదామంటే నోరు విప్పకూడదు. ఇదెక్కడి ఉద్యోగం అనిపించింది బలరాంకు.

మర్నాడు గూడూరులో బలరాంది పత్తి రైతు వేషం. వీపున మందు కొట్టే ట్యాంకు, అందులో ట్రాన్స్‌మిటర్. చొక్కా గుండీలో మైకు. శ్రీలత విత్తనాల కంపెనీ మేడమ్, చేతులకు తెల్ల గ్లౌజులు. రోడ్డు మీద వచ్చీపోయే ప్రతి బండినీ చూస్తూ బలరాం ఒక చోట నిలవలేకపోతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, మళ్లీ రోడ్డెక్కుతాడు. శ్రీలత నవ్వి, కాస్త నిదానించమని చెప్పి, చెమట తుడుచుకోమంటూ సెంటు వాసన వేసే తడి టిష్యూ ఇచ్చింది. ముఖం, మెడ తుడుచుకున్నాడు.

కాసేపటికి చూపు మసకబారింది. నోట్లో ఊరిన నీళ్లు గడ్డం మీదుగా కారుతున్నాయి. కనురెప్ప దానంతటదే కొట్టుకుంటోంది. గుండీ మైకు దాకా చెయ్యి లేవలేదు. ఆహా, వెతుకుతున్న దూత పక్కనే నిలబడి గ్లౌజులు విప్పుకుంటోంది! బలరాం గుండెపోటుతో పోయాడని చీఫ్‌కు ఫోన్లో ఏడుస్తూ చెప్పి, శ్రీలత కారెక్కి వెళ్లిపోయింది.

ఆమె మందు సరైనదే గానీ, వాడిన ఊరు సరైనది కాదు. పత్తి చేన్ల మధ్య, వీపున ట్యాంకుతో, నోట నురగతో పడినవాణ్ణి చూసి గుండెపోటు అనుకునేవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదు. పత్తికి కొట్టే పురుగుమందు ఒంటికి పట్టినా లక్షణాలు ఇవే. పక్క చేనులోంచి టీక్యా అనే రైతు పరుగెత్తుకొచ్చాడు.

"మందు వాసన ఎక్కింది. జల్ది ఆటో తేండ్రి," అన్నాడు.

మహబూబాబాద్ దవాఖానలోనూ ఎవరూ పేరూ ఊరూ అడగలేదు. సూదిమొనల్లా ముడుచుకున్న కనుపాపలు చూడగానే డాక్టర్ విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించమన్నాడు. నర్సు లీలావతి చొక్కా కత్తిరించి, ఒళ్లంతా సబ్బుతో కడిగించింది. విదేశీ మైకు చెత్తబుట్టలో పడింది. ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్. పొద్దు పొడవకముందే తెలివి వచ్చింది, వెంటనే తిట్లూ మొదలయ్యాయి. గాలికి ఎదురు నిలబడి మందు ఎట్ల కొడతవు, మూతికి తువ్వాల కట్టుకోవద్దా, ఇంట్ల పెండ్లాం పిల్లలు లేరా అని ఆమె దులిపేసింది. జన్మలో చేనుకు మందు కొట్టని బలరాం బుద్ధిగా తలూపాడు. ఇంతకీ తనకు ఎక్కించింది ఏం చేస్తుందని అడిగాడు.

"విషాన్నేం తియ్యది," అంది లీలావతి. "తాళంల పోయి అదే కూసుంటది. ఇగ ఏ చెవి వచ్చినా లోపటికి పోదు."

బలరాం ఆమె ఫోన్ అడుక్కుని చీఫ్‌కు కలిపాడు. చచ్చినవాడి గొంతు విని లక్ష్మీకాంత్ రెండుసార్లు పేరు అడిగాడు. సంగతంతా విన్నాక, షిఫ్టు ఆపిస్తే శ్రీలతకు అనుమానం వచ్చి జారిపోతుందని, సిలిండర్ విప్పడం తెలిసిన టీమ్‌ను పంపిస్తానని, కానీ షిఫ్టు దిగేలోపు చేరుతుందో లేదో చెప్పలేనని ఒప్పుకున్నాడు.

"నేను ముందు పోత సార్. పోయి తాళంల కూసుంట," అన్నాడు బలరాం. చెయ్యికున్న సూది పీకేసి, లీలావతి అరుస్తున్నా వినకుండా బయటపడ్డాడు.

భూపాలపల్లి దారంతా ఆ ఇంజెక్షన్లు అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. నాలుక ఎండి చెక్కైంది. గుండె దడదడ. కనుపాపలు విచ్చుకుపోయి లేత ఎండ కూడా కళ్లలో గుచ్చుకుంటోంది. దగ్గరి వస్తువులన్నీ చెదిరి రెండేసిగా కనిపిస్తున్నాయి. పోనీ, ఇంకా పోనీ అని కిరాయి కారు డ్రైవర్ ప్రాణం తోడేశాడు.

ఫ్యాన్‌హౌస్‌లో ఎలక్ట్రీషియన్ టిఫిన్ విప్పుతున్నాడు. వెనకనుంచి మెడ మీద ఒక్కటి పడింది. వాణ్ణి కట్టి మూల పడేసి, వాడి యూనిఫాం, హెల్మెట్, మాస్కు తొడుక్కుని, వాడి కుర్చీలో కూర్చున్నాడు బలరాం. సిలిండర్‌ను కదిపే ధైర్యం చెయ్యలేదు. టీమ్ ఇంకా దారిలోనే ఉంది. షిఫ్టు అప్పుడే కిందికి దిగింది, దాంతోపాటు అన్న కూడా.

తలుపు తెరుచుకుంది. సెంటు వాసన వచ్చింది.

"నాట్లు అయిపోయినయా?" అంది శ్రీలత.

బలరాం కదల్లేదు. ఆమె మళ్లీ అడిగింది, ఈసారి గట్టిగా. అవతలివాడు రాయిలా కూర్చోవడంతో ఒక్క ఉదుటున వాల్వ్ మీదికి దూకింది. బలరాంకు వాల్వులు రెండు కనిపించాయి, ఆమె చేతులు నాలుగు. ఏది అసలు, ఏది నీడ? కళ్లు గట్టిగా మూసుకుని, సెంటు వాసన వచ్చిన వైపు చెయ్యి విసిరాడు. మణికట్టు దొరికింది. అప్పటికే వాల్వ్ కిర్రుమంటూ తిరుగుతోంది. ఇంకో వెంట్రుకవాసి తిరిగితే సీలు తెగుతుంది. ఆ చేతిని వెనక్కి విరిచి, వాల్వ్‌ను బిగించేశాడు.

పెనుగులాటలో మాస్కు ఊడింది. శ్రీలత అతని కళ్లలోకి చూసింది. సూదిమొనలు ఉండాల్సిన చోట నల్లటి కనుపాపలు రూపాయి బిళ్లల్లా విచ్చుకుని ఉన్నాయి.

"నువ్వు చచ్చిపోయావు కదా!"

"చచ్చిన. గూడూరోళ్లు ఒప్పుకోలె," అన్నాడు బలరాం.

టీమ్ వచ్చి శ్రీలతను తీసుకుపోయింది, సిలిండర్‌ను విప్పింది. ఇంకో ఊళ్లోని సిలిండర్ సంగతి మధ్యాహ్నానికి ఆమే చెప్పేసింది. చీఫ్ వెళ్లమన్నా బలరాం గని గేటు దగ్గర్నుంచి కదల్లేదు. షిఫ్టు పైకొచ్చింది. బొగ్గు మసితో దేవ్‌సింగ్ బయటికి వచ్చి, తమ్ముణ్ణి చూసి ఆగిపోయాడు. ఎర్రబడ్డ ముఖం, విచ్చుకున్న కళ్లు, తడబడే కాళ్లు, తనది కాని చొక్కా. అన్న బతికే ఉన్నాడని బలరాంకు ఏడుపు తన్నుకొచ్చింది.

"పట్టపగలే తాగినవారా?" అన్నాడు దేవ్‌సింగ్.

దేశ రహస్యం. ఏం చెప్పగలడు?

"జర తాగిన అన్నా," అన్నాడు బలరాం తల వంచుకుని.

ఆ చెంపదెబ్బ మాత్రం ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.