ఎత్తు తప్పిన ఎత్తు

"ఈ నెలలో పెద్ద విమానాశ్రయం ఆకాశంలోకి చెప్పాపెట్టకుండా దూరిన చిన్న విమానాలు ఇవన్నీ," అంది ఆగ్నెస్ క్రోలీ, గోడమీది పటం చూపిస్తూ. లండన్‌కి తట్టు పోసినట్టు పటం నిండా ఎర్ర చుక్కలే.

"వీళ్లలో శత్రువులెందరు మేడమ్?"

"ఒక్కరు. మిగతావాళ్లంతా మనవాళ్లే. మన వెధవలే."

ఏజెంట్ డెస్మండ్ పికరింగ్ నిట్టూర్చాడు. గూఢచారి శాఖలో విమానం నడపడం వచ్చిన ఏకైక మనిషి కావడంతో గాలి కేసులన్నీ అతని నెత్తినే పడేవి.

"ఆదివారం పొద్దున డాక్టర్ వెస్నా చిన్న జెట్‌లో మన దగ్గరికి పారిపోయి వస్తోంది. శత్రువుల క్షిపణి రహస్యాలన్నీ ఆమె బుర్రలో ఉన్నాయి. జెట్ దిగబోయే ముందు ఒక బుల్లి విమానం 'దారి తప్పి' అడ్డం వస్తుంది. అలాంటిది కనబడితే కంట్రోలర్లు మిగతావాటిని పక్కకి తప్పించాలి, రూలు. జెట్‌లో ఇంధనం అంతంతమాత్రం. పక్క ఊళ్లో దిగాల్సిందే. అక్కడ వాళ్ల మనుషులు అంబులెన్సుతో కాచుకునుంటారు."

"అంబులెన్సెందుకు?"

"ఆమెని ఎక్కించడానికి. ప్రాణంతో దించడానికి కాదు."

ఆ విమానం థ్రషెల్ గ్రీన్ నుంచి లేస్తుందని కబురిచ్చింది లావీనియా. నిన్నటిదాకా శత్రువుల ఏజెంటు, ఇవాళ మన ఏజెంటు. అటు జీతం, ఇటు భత్యం.

"ఈ కోటు బటన్ నొక్కు. నేను పలుకుతాను," అంది ఆగ్నెస్.

థ్రషెల్ గ్రీన్ అంటే గుట్టమీద గడ్డి మైదానం. ఆదివారమైతే చాలు, ఇంగ్లిషువాళ్లు గంటసేపు ఎగిరొచ్చి, బేకన్ రోల్, అంటే పందిమాంసం పెట్టిన బన్ను, తిని, గంటసేపు ఎగిరి ఇంటికెళతారు. దారిలో ఆకాశం హద్దులు దాటతారు. అనుమతి అడగరు. అడగడం వాళ్లకి గగనం, గగనం మాత్రం వాళ్ల పెరడు.

డెస్మండ్‌కి శాఖవాళ్లిచ్చిన వేషం విమాన భద్రతా ఉపన్యాసకుడిది. అది చూడగానే జనం రోల్స్‌తో సహా మాయమయ్యారు. ఇంక ఎవర్ని ఆరా తీస్తాడు?

"పాపం, ఎవరూ మీ మాట వినట్లేదా డెస్మండ్ గారూ?" నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫ్, ఆకుపచ్చ విమానం. లావీనియా.

"హద్దు మీరొద్దంటే ఎవరు వింటారండీ!"

"ఆ నీలం విమానం తాత మీద కన్నేయండి. నాకు అనుమానం. నేను ఇక్కడే నేర్చుకున్నాను కదా, ఈ మొహాన్ని ఎప్పుడూ చూళ్లేదు," అని చెప్పి, టీ కోసం వెళ్లింది.

డెస్మండ్ ఆమె విమానంలోకి తొంగిచూశాడు. ఆల్టిమీటర్, అంటే ఎత్తు చూపే మీటరు, ముల్లు ఐదువందల అడుగుల మీద ఉంది. నేలమీద నిలబడ్డ విమానానికి ఐదువందల అడుగుల ఎత్తేంటి? ఒళ్లు మండింది. ఎవరో వదిలేసిన గేటు వేసినట్టు, మర తిప్పి ముల్లు సున్నాకి తెచ్చి, తాత దగ్గరికి నడిచాడు.

తాత పేరు బార్నబీ ట్రోట్. ఆయన మీటర్లో ముల్లు బుద్ధిగా సున్నా మీదుంది.

"మీరొక్కరైనా నయం తాతా. ఆవిడది నేనే సరిచేసొచ్చాను."

"ఏ ఆవిడ? ఇక్కడ నలభయ్యేళ్లుగా నేర్పుతున్నది నేనే బాబూ. దిగేముందు ముల్లు సున్నాకి పెట్టనివాళ్లకి రోల్ కూడా పెట్టనిచ్చేవాణ్ణి కాదు. మావాళ్లు మర్చిపోయేది లేచాక. ముల్లుని మళ్లీ సముద్రమట్టం లెక్కకి మార్చరు, ఈ గుట్ట ఎత్తు ఐదువందల అడుగులు కదా, ఉన్నదానికంటే అంత కిందున్నామనుకుని పెద్దాళ్ల ఆకాశంలో తల దూరుస్తారు. దిగినా లేచినా సముద్రం లెక్కే వాడేది బయటిదేశాల్లో నేర్చినవాళ్లు."

ఆ ముల్లు డెస్మండ్‌కి అక్కడ గుచ్చుకుంది. ఇక్కడే నేర్చుకున్నానంది! నేర్పినాయన్నే గుర్తుపట్టలేదు!

వెనక ఇంజను గర్జించింది. ఆకుపచ్చ విమానం లేచిపోయింది.

బటన్ నొక్కాడు. క్రికెట్ కామెంటరీ వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"ఇవాళ్టి సంకేతపదం?"

"లవంగం!"

"అది శనివారందండీ."

"ఆదివారంది ఏంటయ్యా?"

"చెప్పకూడదండీ. రహస్యం."

"అక్కడ మనిషి ప్రాణం పోతుందయ్యా!"

"సంకేతపదం ఉంటే చెప్పండి, పోకుండా చూస్తాం."

ఫోన్ విసిరేసి, "తాతా, మీ విమానం!" అంటూ డెస్మండ్ ఎక్కేశాడు. బార్నబీ విమానం ముందు పంకా తిప్పి ఏదో అరిచాడు. ఆ అరుపుని ఇంజను మింగేసింది.

సముద్రమట్టం నుంచి పదిహేనువందల అడుగులు దాటితే పెద్ద విమానాశ్రయం ఆకాశం. చివరిదాకా దానికిందే నక్కి వెళ్లి, ఆఖరి క్షణంలో జెట్ ముందు పైకి లేవడం లావీనియా ఎత్తు. కానీ ఆమె మీటరు పద్నాలుగువందలు చూపిస్తుంటే విమానం పంతొమ్మిదివందల మీదుంది. మర తిప్పిన చెయ్యి డెస్మండ్‌ది. ఇంకా దూరంలో ఉండగానే, అచ్చం ఆదివారం వెధవలాగా, కంట్రోలర్ల తెర మీద తేలిపోయింది.

"ఎవరో దూరారు," రేడియోలో కంట్రోలర్ విసుగు. "ఇంకా దూరంగానే ఉంది. జెట్‌ని అవతలి వైపునుంచి దింపుతున్నాం."

లావీనియాకి విషయం అర్థమైంది. విమానం ముక్కు వంచి రన్‌వే మీదికి దూసుకుపోయింది. డెస్మండ్ వెంటపడ్డాడు. జెట్ చక్రాలు నేలని తాకేసరికి ఆమె ఇంకా మూడు పొలాల అవతలుంది.

డాక్టర్ వెస్నా బతికిపోయింది.

"దాని వెనకాలే ఇంకో వెధవ కూడా దూరాడు!" అంది రేడియో.

డెస్మండ్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అప్పుడు తన మీటరు చూసుకున్నాడు. ముల్లు ఇంకా బార్నబీ మైదానం లెక్కలోనే ఉంది.

దిగీదిగగానే ఇద్దర్నీ పోలీసులు చుట్టుముట్టారు. బేడీలతో నడుస్తూ లావీనియా ఆగింది.

"నేను ఎత్తు వేస్తే మీరు ఎత్తే మార్చేశారన్నమాట. ఎప్పుడు కనిపెట్టారు?"

డెస్మండ్ గంభీరంగా కోటు సర్దుకున్నాడు. మార్చాకే కనిపెట్టానని ఎలా చెబుతాడు?

ఆపరేషన్ రహస్యం కాబట్టి అతని చొరబాటుకి శాఖ ఏ కారణమూ చెప్పలేకపోయింది. విమానయాన అధికారులు అతన్ని దారి తప్పినవాళ్ల క్లాసుకి పిలిచారు. ఎందుకు దూరారని అడిగితే లేచి నిలబడి, "ముల్లు మార్చడం మర్చిపోయానండి," అన్నాడు. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

ఆగ్నెస్ పటంలో ఒక చుక్క పెరిగింది.

"ఇది శత్రువా మేడమ్?" అడిగాడు కొత్త ఏజెంటు.

"కాదు నాయనా," అంది ఆగ్నెస్. "మనవాడే."