ఎవరూ నవ్వని మిమిక్రీ

"ఇంకోటి! ఇంకోటి చెయ్యవే నిషీ!"

చుట్టూ కంపెనీలున్న లక్డారంలో ఆదివారం మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. అయినా యాదగిరి ఇంటి ముందు, సజ్జా నీడలో పిల్లలు గుంపు కట్టారు. మధ్యలో ఆయన కూతురు నిషిత. ఆరో తరగతి చదువుతోంది. ఆ పిల్లకు కాలు ఒకచోట నిలవదు, నోరు అసలే నిలవదు. ఎవరినైనా ఒక్కసారి చూసిందంటే అచ్చం వాళ్లలాగే చేసి చూపిస్తుంది.

అప్పటికే షేర్ ఆటో డ్రైవర్‌లా "బొల్లారం, బొల్లారం! ఒక్కరే, ఒక్కరే!" అని అరిచింది. కంపెనీ బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోయే నాన్నలా చేసింది. ఇంకేం మిగల్లేదు. కానీ చప్పట్ల రుచి మరిగితే ఆగడం కష్టం.

"మా తమ్ముడు ఎట్ల లేస్తడో చూస్తరా?" అంది.

నేల మీద కూర్చుంది. ముందుకు వంగి రెండు చేతులూ నేలకు ఆనించింది. నడుం పైకి లేపింది. ఒక చెయ్యి ఒక మోకాలి మీద, రెండో చెయ్యి రెండో మోకాలి మీద పెట్టింది. తర్వాత తొడల మీద చేతులు నొక్కుకుంటూ, తన ఒంటినే నిచ్చెనగా చేసుకుని ఎక్కినట్టు, మెల్లగా నిలబడింది.

పిల్లలు పడీపడీ నవ్వారు. పక్కింటి చంద్రకాంత్ అయితే కిందపడి దొర్లాడు.

గడప మీద కూర్చున్న తమ్ముడు శ్రావణ్ కూడా కొంచెం నవ్వాడు. వాడికి ఏడేళ్లు. తర్వాత వాడి నవ్వు ఆగిపోయింది. నిషిత అది చూసింది. చూసి కూడా రెండోసారి చేసింది.

ఆ రోజు నుంచి శ్రావణ్ ఎవరైనా చూస్తుంటే కింద నుంచి లేవడం మానేశాడు. బడిలో అన్నం తిన్నాక అందరూ వెళ్లేదాకా పళ్లెం ముందే కూర్చునేవాడు. క్లాసుకు ఆలస్యంగా వెళ్లి తిట్లు తినేవాడు. ఇంట్లో అయితే అందరూ టీవీ వైపు తిరిగినప్పుడు, గోడ పక్కకు జరిగి గబుక్కున లేవాలని చూసేవాడు. గబుక్కున ఎక్కడ లేస్తాడు?

చూడ్డానికి వాడి పిక్కలు లావుగా, గట్టిగా ఉంటాయి. "నా కొడుకు పహిల్వాన్" అని నాన్న మురిసిపోయేవాడు. ఆ పహిల్వాన్ మెట్లు ఎక్కలేకపోవడం, నడుస్తూ నడుస్తూ పడిపోవడం ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. ఇద్దరు డాక్టర్లు బలానికి టానిక్ రాసిచ్చారు. "గీ కంపెనీల పొగతోనే" అంది నానమ్మ బీరమ్మ. "ఉత్త బద్ధకం" అన్నాడు నాన్న.

చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. నాన్న నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కూడా పోకుండా వచ్చాడు. వరండా నిండా జనం. తలుపు దగ్గర ఒకాయన ముక్కుతో సాగదీస్తూ, "టోకెన్ నలభై రెండూ! చెప్పులు బయటా!" అని అరుస్తున్నాడు. వేరే రోజైతే నిషితకు పండగే. ఇప్పుడు మాత్రం కాలు కాలిన పిల్లిలా వరండాలో అటూ ఇటూ తిరుగుతోంది. తమ్ముడికి ఏమైందోనని భయం. ఆ భయం కింద ఇంకో భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

డాక్టర్ నాగవల్లి శ్రావణ్ పిక్కలు నొక్కి చూశారు. "కింద కూర్చుని లేచి చూపించు నాన్నా" అన్నారు.

శ్రావణ్ కూర్చున్నాడు. లేవలేదు.

"లెవ్వు బిడ్డా" అని అమ్మ అరుణ బతిమాలింది.

"జల్దీ లెవ్వురా. బయట మస్తు లైన్ ఉన్నది" అంటూ నాన్న చెయ్యి పట్టి లాగబోయాడు.

"లేపకండి. తనంతట తను ఎలా లేస్తాడో నేను చూడాలి" అన్నారు డాక్టర్.

శ్రావణ్ తల వంచుకుని నేలనే చూస్తున్నాడు. "ఇవాళ మూడ్ లేనట్టుంది. వచ్చే వారం తీసుకురండి" అన్నారు డాక్టర్. నాన్న మొహం వాడిపోయింది. ఇలా నిద్ర మానుకుని తిరగడం ఆయనకు ఇది మూడోసారి.

నిషిత ముందుకొచ్చింది. "మేడం, వాడు లేవడు. నా వల్లనే" అంది. "నేను వాని లెక్క చేసి అందర్నీ నవ్వించిన. అప్పట్నుంచి ఎవరి ముందట లేస్తలేడు."

నిషిత తమ్ముడి పక్కన కూర్చుంది. "నువ్వు ఎట్ల లేస్తవో మేడంకు నేను చూపియ్యనా?" అని అడిగింది. ఇన్నాళ్లలో వాడిని అడగడం ఇదే మొదటిసారి.

శ్రావణ్ తలెత్తి అక్కను చూశాడు. "మళ్ల నవ్వుతరా?"

"నవ్వరు."

వాడు తలూపాడు. నిషిత ముందుకు వంగింది. చేతులు నేలకు ఆనించింది. నడుం లేపింది. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టింది. ఎవరూ నవ్వలేదు. డాక్టర్ కన్నార్పకుండా చూస్తున్నారు. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది.

"గట్ల కాదక్కా!" అన్నాడు శ్రావణ్ ఉన్నట్టుండి. "ముందుగాల ఎడమ చెయ్యి పెట్టాలె. తప్పు చేస్తున్నవ్. ఇటు చూడు."

వాడే చేసి చూపించాడు. నెమ్మదిగా, మోకాళ్ల మీద, తొడల మీద చేతులు మారుస్తూ నిలబడ్డాడు.

"భలే కనిపెట్టావు నాన్నా ఈ ఉపాయం!" అన్నారు డాక్టర్. తర్వాత నాన్న వైపు తిరిగి, "బద్ధకం కాదండీ. రక్తం పరీక్షకు పంపిద్దాం" అన్నారు.

రిపోర్టుకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. ఫోన్ మోగితే చాలు, అందరూ ఉలిక్కిపడేవారు.

రిపోర్టు వచ్చిన రోజు డాక్టర్ నిదానంగా చెప్పారు. "కండ గట్టిగా ఉండాలంటే ఒంట్లో ఒక ప్రోటీన్ తయారవ్వాలి. దాన్ని ఎలా తయారుచెయ్యాలో చెప్పేది జీన్. శ్రావణ్‌కు ఆ జీన్‌లో కొంత ముక్క లేదు. దాన్ని మ్యుటేషన్ అంటారు. పుట్టుకతోనే ఉంది."

నాన్న ట్యాబ్లెట్ల కంపెనీలో ఆపరేటర్. "మా దగ్గర బ్యాచ్ కార్డు ఉంటది మేడం. ఏది ఎంత వెయ్యాల్నో అండ్ల రాసి ఉంటది. ఒక పేజీ లేకుంటే ఎంత మంచి ఆపరేటరైనా మాల్ సరిగ్గ రాదు. గట్లనేనా?" అన్నాడు.

"అచ్చం అంతే. ఆపరేటర్ తప్పేం లేదు."

"నా దిక్కుకెల్లి వచ్చిందా మేడం?" అని అడిగింది అమ్మ.

"అమ్మ నుంచి రావచ్చు. ఒక్కోసారి బిడ్డలో కొత్తగానూ రావచ్చు. మీకూ పరీక్ష చేద్దాం. ఎలా వచ్చినా ఎవరూ కావాలని చేసింది కాదమ్మా."

నిషిత ఇక ఆగలేకపోయింది. "నేను నవ్వించినందుకు జబ్బు ఎక్కువ కాలేదు కదా మేడం?"

"లేదమ్మా. నవ్వితే కండలు పాడవ్వవు" అన్నారు డాక్టర్. "పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికైతే లేదు. కానీ మందులతో, వ్యాయామంతో చాలాకాలం నడిపించొచ్చు. బలవంతంగా పరిగెత్తించకండి."

నిషిత గుండెల మీద నుంచి ఒక బరువు దిగింది. ఇంకోటి దిగలేదు. నవ్వు కండల్ని పాడుచెయ్యలేదు, సరే. మరి బడిలో పళ్లెం ముందు వాణ్ని ఒంటరిగా కూర్చోబెట్టింది ఎవరు?

మరుసటి ఆదివారం సజ్జా నీడలో గోళీలాట. శ్రావణ్ కూడా నేల మీద కూర్చుని ఆడుతున్నాడు. ఆట అయిపోయింది. అందరూ దులుపుకుని లేచారు. శ్రావణ్ చెయ్యి నేల మీద పెట్టి, చుట్టూ చూసి వెనక్కి తీసుకున్నాడు.

"నిషీ, మీ తమ్ముని లెక్క చెయ్యవే! మస్తుంటది!" అన్నాడు చంద్రకాంత్.

"అది ఇగ చెయ్య" అంది నిషిత. "కొత్తది ఉన్నది. అందరు ఇటు రాండ్రి!"

గేటు అవతలికి పరిగెత్తి, ఎదురింటి గోడకు ఆనుకుని నిలబడింది. ముక్కు పట్టుకుని, "టోకెన్ నలభై రెండూ! చెప్పులు బయటా!" అని సాగదీసింది. పిల్లలంతా ఆమె వైపు ఉరికారు. ఇప్పుడు అందరి వీపులూ శ్రావణ్ వైపు ఉన్నాయి. నిషిత మాత్రం ఎదురుగానే ఉంది. తలెత్తితే వాడు కనిపిస్తాడు. లేచాడో లేదో చూడాలని ప్రాణం కొట్టుకుంది. అయినా చూపు తిప్పలేదు. చంద్రకాంత్ చెప్పుల వైపే చూస్తూ, "ఓ బాబూ, నీకే! చెప్పులు బయటా!" అని అరిచింది.

నవ్వులు, చప్పట్లు.

గుంపు వెనక నుంచి ఒక చప్పట్ల మోత మాత్రం ఇంకా ఆగలేదు. అప్పుడు తలెత్తింది నిషిత. శ్రావణ్ గేటు కూడా పట్టుకోకుండా, రెండు చేతులతో చప్పట్లు కొడుతూ నిలబడి ఉన్నాడు.

"ఇంకోటి చెయ్యి అక్కా!" అన్నాడు.