వాగు మళ్ళిన వైపు

కల్వర్టు తూముకి అడ్డంగా పడి ఉంది శవం.

ఒంటి మీద ప్రభుత్వ జాకెట్. కుడి చేతికి కొలత టేపు చుట్టుకుని ఉంది.

పోయినవాడు పర్మిట్ ఆఫీసర్. వాగులో రాయి కదపాలన్నా, గట్టు కట్టాలన్నా ఆయన ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

"కల్వర్టు మీంచి జారి పడ్డాడు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్.

"కల్వర్టు మీద కొలవడానికి ఏముంది?"

ఇన్‌స్పెక్టర్ ఒడ్డు పట్టుకుని ఎగువకి నడిచింది. మలుపు దగ్గర ఆగింది. ఇవతల ఒక ఇల్లు, పక్కనే వడ్రంగి షెడ్డు. ఇంటి ముందు నీళ్ళలో రాళ్ళ వరస. ఎదుటి గట్టు విరిగిపడి, పచ్చిమట్టి బయటపడింది.

ఆ ఇల్లు పోయినవాడి అన్నగారిది.

ముందు ఇసుక కాంట్రాక్టర్‌ని పిలిపించింది.

"మీకు పర్మిట్ ఇవ్వలేదట?"

"ఇవ్వలేదు. నోరారా తిట్టుకున్నాను. అంతే."

"నిన్న ఎక్కడున్నారు?"

"ఆస్పత్రిలో. మా ఆవిడకి ఆపరేషన్."

డాక్టర్‌కి ఫోన్ చేసింది. నిజమే.

తర్వాత అన్న.

"తమ్ముడితో మాటల్లేవట?"

"ఇల్లు వాగులోకి పోతోందిరా, నాలుగు రాళ్ళు పేర్చుకుంటానంటే ఒప్పుకోలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమట. ఆగమన్నాడు. వాడికి నాకన్నా చేపలు ఎక్కువైపోయాయి."

"మరి ఆ రాళ్ళు?"

"ఎప్పటివో. వాగే తెచ్చి పడేసింది."

ఆమె బూట్లు విప్పి నీళ్ళలోకి దిగింది.

సాయంత్రం షెడ్డులో ముగ్గురిని కూర్చోబెట్టింది. అన్న, పోయినవాడి భార్య, ఆఫీసులో ఆయన అసిస్టెంట్. ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఒక తడి రాయి పెట్టింది.

"ఇది ఆ వరసలోది. పైవైపు శుభ్రంగా ఉంది. అడుగున చూడండి."

అడుగున పచ్చటి నాచు.

"నాచు వెలుతురు తగిలే వైపు పెరుగుతుంది. అంటే ఈ రాయిని ఈ మధ్యే ఎవరో పెకలించి తిరగేశారు. వరసంతా అంతే. మిషన్ దిగిన జాడ లేదు. చేతులతో పేర్చారు."

అన్న తన చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. గోళ్ళ కింద రక్తం నల్లగా గడ్డకట్టింది.

"రాళ్ళకి తగిలి నీళ్ళు ఎదుటి గట్టు మీదికి మళ్ళాయి. అడుగంతా కోసేశాయి. పైన గడ్డి మాత్రం మామూలుగానే ఉంది. ఆయన దాని మీద నిలబడ్డారు. గట్టుతో పాటే పడిపోయారు. ప్రవాహం కల్వర్టు దాకా తెచ్చింది."



"వాడికి అటువైపు ఏం పని?" అన్నాడు అన్న.

అసిస్టెంట్ తల వంచుకుని చెప్పాడు. "ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్ సార్. చేపల కాలం అయిపోయింది. మీ ఇంటి పనే ముందు చేద్దామన్నారు. సొంతవాళ్ళది కాబట్టి సంతకం పై ఆఫీసర్ చేత పెట్టిస్తాను, రెండు ఒడ్ల నుంచీ కొలతలు మాత్రం నేనే తీస్తానన్నారు. వానల్లోపు అన్నయ్య గట్టు కట్టుకోవాలి అన్నారు."

అన్న లేవబోయాడు. మళ్ళీ కూలబడ్డాడు.

"చంపాలని పెట్టలేదని నాకు తెలుసు," అంది ఇన్‌స్పెక్టర్. "కానీ కేసు తప్పదు. నాతో రావాలి."

అంతసేపూ గోడకి ఆనుకుని కూర్చున్న మరదలు అప్పుడు లేచి ముందుకొచ్చింది. కళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి.

"బావగారూ, మొన్న ఆయన మీ ఇంటికే వెళ్ళొస్తానని బయల్దేరారు. ఏం చెప్పారు మీతో?"

"గుమ్మంలో నిలబడ్డాడమ్మా. 'అన్నయ్యా, ఒక్క మాట' అన్నాడు."

"ఏం మాట?"

"నేను తలుపేసేశాను."