గరిటె నిలబడ్డ గిన్నె

"అబ్బే, అలా కాదే మనవరాలా. 'ఒక ఊళ్ళో ఒక మాస్టారు' అని మొదలుపెడితే ఎవరు చదువుతారు? అది కొట్టెయ్. శవంతో మొదలుపెట్టు. నేను నెమ్మదిగానే చెప్తాను, నువ్వు నెమ్మదిగానే రాయి."

శవం మెట్ల కింద ఉంది.

ఇంటి వెనకవైపు మెట్లు. ఇనుప చట్రం, సిమెంటు పలకలు. కింది మెట్టు అంచుకి తల, గోడవైపు కాళ్ళు. అరవై దాటిన ఆడమనిషి. చుట్టూ పగిలిన గాజు సీసాలు. వాటిలోంచి తెల్లటి క్రీము గచ్చు మీద ముద్దలు ముద్దలుగా పడింది. ఆ తెలుపు మీద అక్కడక్కడా నల్లటి బూజు.

సాయంత్రం ఆరు దాటాక ఇన్‌స్పెక్టర్ వచ్చింది. స్టేషన్‌లో అందరూ ఆవిణ్ణి చాటుగా 'ఛీ మేడమ్' అంటారు. ఆవిడ నోట్లోంచి ముందు ఆ మాట వస్తుంది, తరవాతే మిగతా భాష. దొంగని చూస్తే ఛీ అంటుంది. దొంగని వదిలేసిన కానిస్టేబుల్ని చూస్తే ఇంకా గట్టిగా అంటుంది.

"ఎవరీవిడ?"

"ఇంటి ఓనరు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "క్రీముల మాస్టారు లేరూ, ఆయనకి సొంత అక్క. పై అంతస్తులో ఆయన క్లాసులు చెప్తాడు. మొహానికి రాసుకునే క్రీములు ఇంట్లోనే సహజంగా చేసుకోవడం ఎలా అని. మా ఆవిడ కూడా..."

"మీ ఆవిడ కూడా మోసపోయిందా?"

హెడ్డు గబగబా నోట్‌బుక్ తెరిచాడు.

మాస్టారు పై మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. ఒంటి మీద తెల్ల కోటు, దాని జేబు మీద ఆకు బొమ్మ. ఏ ఆసుపత్రీ ఇవ్వలేదు ఆ కోటు, ఆయనే కుట్టించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్న చేతిరుమాలుని అంచులు కలిపి మడత పెట్టి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఏడ్చేవాడు మడతలు చూసుకోవడం ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

"చెప్పండి మాస్టారూ. మీరెక్కడున్నారు?"

"లోపల క్రీము చేస్తున్నానండి. నాలుగింటికి పొయ్యి వెలిగించాను. తేనెమైనం, షియా బటర్, బాదం నూనె కలిపి కరిగించాను. రోజ్ వాటర్ విడిగా వేడి చేసి అందులో పోశాను. అక్కణ్ణించి పూర్తిగా చల్లారేదాకా తిప్పుతూనే ఉండాలి. ఐదున్నరదాకా గరిటె మీంచి చెయ్యి తియ్యలేదు. తీరా బయటికొస్తే..."

"మధ్యలో ఏం వినబడలేదా?"

"వినబడిందండీ. సీసాలు కడిగే అమ్మాయి అక్కతో గొడవ పెట్టుకుంది. ఆ గొంతు నాకు తెలుసు. తరవాత దబ్బుమని చప్పుడు."

"ఎన్నింటికి?"

"నాలుగున్నరకి."

"దబ్బుమంటే లేచి చూడలేదా?"

"క్రీము మధ్యలో ఉంది కదండీ. చెయ్యి తీస్తే విరిగిపోతుంది. బుట్టేదో పడిందనుకున్నాను. మీకు అర్థం కాదు మేడమ్, ఇది సైన్సు."

"ఛీ," అంది ఇన్‌స్పెక్టర్.

లోపలికెళ్ళి గది చూసింది. అల్మరా నిండా సీసాలు. ప్రతి సీసా మీది లేబులూ ఒకే వైపు తిరిగి, బడిపిల్లల్లా వరసలో నిలబడింది. తువ్వాళ్ళు కూడా కొలిచినట్టు మడత పెట్టి ఉన్నాయి. బల్ల మీద ఒక స్టీలు గిన్నె మాత్రం అసహ్యంగా ఉంది. పైన పసుప్పచ్చగా నూనె తేలి, మైనం పెచ్చు కట్టింది. ఆ పెచ్చులో తెల్లటి గింజలు, ఇసుకలా. చెక్క గరిటె ఎవరూ పట్టుకోకుండానే నిట్టనిలువుగా నిలబడి ఉంది.

ఇన్‌స్పెక్టర్‌కి క్రీముల సంగతి తెలీదు. ఆవిడ మొహానికి సబ్బు తప్ప ఇంకోటి పరిచయం లేదు. కానీ చేతిరుమాలు మడత తప్పనివ్వని మనిషి బల్ల మీద ఈ కక్కు ఏమిటి?

"ఈ గిన్నె ఫోటో తియ్. గరిటె పక్కకి తీసి, పెచ్చు విరక్కుండా ఇందులోదంతా ఒక వెడల్పాటి సీసాలోకి ఎత్తు. సీలు వెయ్."

"ఎందుకు మేడమ్? ఆవిడ మెట్ల మీంచి పడిపోతే..."

"నేనడిగింది సీసా. నీ అభిప్రాయం కాదు."

ఆరింటి క్లాసుకని వచ్చి గుమ్మంలో బిక్కచచ్చి నిలబడ్డ పళ్ళ డాక్టరమ్మ చేత సీలు కాగితం మీద సాక్షి సంతకం పెట్టించింది. మాస్టారు అప్పటికి కిందికి దిగి, ఫోటోలు తీసేవాళ్ళకి అడ్డం పడి ఏడుస్తున్నాడు. పైన ఏం జరిగిందో చూడలేదు.

మెట్ల మీద ఒక రబ్బరు గ్లవ్ దొరికింది. పై ఆఫీసరు ఫోన్‌లో అది విని సంబరపడ్డాడు. "గ్లవ్ దొరికింది, గొంతు విన్నారు. ఇంకేం కావాలి? అమ్మాయిని తీసుకొచ్చెయ్. రేపు పదకొండింటికి మేజిస్ట్రేట్ ముందు పెట్టు."

తీసుకొచ్చేశారు. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఇంట్లో ఐదు నెలల పసిపాప. కోర్టు రిమాండ్ వేస్తే జైలు ఊరికి అవతల.

"గ్లవ్ నీదేనా?"

"నాదే. రోజూ ఆ రెయిలింగు మీదే ఆరేస్తాను."

"అక్కగారితో గొడవెందుకు పడ్డావు?"

"ఆవిడతో నాకు గొడవేంటి? ఆవిడకి చెప్పిందే నేను. అమ్మిన క్రీములు బూజు పట్టి వెనక్కొస్తున్నాయి మేడమ్. ఒకావిడ తన బిడ్డకి రాస్తే చెంపల నిండా పుళ్ళు. మాస్టారేమో సీసాలు తడిగా పెట్టానని నా మీదకి తోశాడు."

"పెట్టావా?"

"ఎండలో బోర్లించి మరీ ఆరబెడతా. ఆయన క్రీములో సగం నీళ్ళే. బూజు పట్టకుండా మందు వెయ్యండి అని అక్కగారే ఎన్నిసార్లో చెప్పారు. వేస్తే సహజం కాదంట. బూజు సహజమేగా, అదొచ్చింది."

హెడ్డు కిసుక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ చూపుకి ఆ నవ్వు సగంలోనే చచ్చింది.

"అక్కగారు ఏమన్నారు?"

"సాయంత్రం క్లాసులో అందరి ముందూ చెప్పేస్తానన్నారు. బూజు సీసాలు ట్రేలో పెట్టుకుని పైకెళ్ళారు. నేను అప్పుడే ఇంటికెళ్ళిపోయా. పాపకి పాలివ్వాలి."

"నువ్వు ఇంట్లో ఉండగా ఎవరు చూశారు?"

"పాప చూసింది. రాసుకోండి."

ఆ పిల్ల రవిక ముందు భాగం పాలతో తడిసిపోయి ఉంది. ఇన్‌స్పెక్టర్ తల తిప్పుకుంది. అయినా లాకప్ తలుపు వేశారు. రాత్రి పక్కింటావిడ పాపని ఎత్తుకుని స్టేషన్ గేటుదాకా వచ్చింది. ఇది పిల్లల్ని ఆడించే చోటు కాదని సెంట్రీ వెనక్కి పంపేశాడు. పొద్దున ఆ సంగతి విన్నాక ఇన్‌స్పెక్టర్ ఛీ అంది. ఎవర్ని అన్నదో స్టేషన్‌లో ఎవరికీ తెలీలేదు.

ఏడింటికి టీ పెట్టించుకుని, ఫోన్‌లో మాస్టారి వీడియోలు చూడ్డం మొదలుపెట్టింది. ఆకు బొమ్మ కోటు, తేనె కారే గొంతు, మధ్యలో ఇంగ్లీషు. ఒక వీడియోలో క్రీములు చెడిపోవడానికి కారణాలు చెప్పాడు. దాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. ఎనిమిదింటికి పోస్ట్‌మార్టం డాక్టరు ఫోన్ చేశాడు. ఆ మాటలు విని ఫోన్ పెట్టేసి, మామూలు బట్టలు కట్టుకుని, సీసా సంచిలో వేసుకుంది. చిరిగిపోకుండా ఊడదీసిన సీలు కాగితం వేరే జేబులో పెట్టుకుంది.

"మేడమ్, ఆయన ఇవాళ కూడా క్లాసు పెట్టాడంట," అన్నాడు హెడ్డు. "అక్క జ్ఞాపకార్థం, ఫ్రీ."

"నువ్వు కూడా రా. ఫ్రీగా నేర్చుకో."

తొమ్మిదింటికి పై హాల్లో పదిమందిదాకా ఆడవాళ్ళున్నారు. మొదటి వరసలో పళ్ళ డాక్టరమ్మ. కింద మెట్టు మీది రక్తపు మరక ఇంకా పూర్తిగా పోలేదు, ఈవిడ మాత్రం పెన్ను మూత తీసి సిద్ధంగా కూర్చుంది. నిన్నటి స్టీలు గిన్నెలోది ఎవరో పారబోశారనుకున్నాడేమో మాస్టారు, దాన్ని తళతళలాడేలా కడిగి బల్ల మీద బోర్లించాడు.

"మీరా మేడమ్!" మాస్టారు ఎదురొచ్చాడు. "కేసు..."

"కేసు అయిపోయింది. పదకొండింటికి ఆ అమ్మాయిని కోర్టులో పెడతాం. ఇది సొంత పని. మా వదిన ఇంట్లో క్రీము చేసి తగలేసింది. పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. ఏం తప్పు చేసిందో కాస్త చెబుతారా?"

మాస్టారి మొహం చాటంత అయింది. నిన్న తనని ఛీ అన్న మనిషి ఇవాళ శిష్యురాలిలా చేతులు కట్టుకుని నిలబడింది. సీసా తీసుకున్నాడు. మూత తిప్పాడు. కిటికీ వెలుగులో వంచి చూశాడు. గాజు పుల్లతో కాస్త తీసి చేతి వెనక రుద్దుకున్నాడు.

"మీ వదినగారు ఏం చదువుకున్నారు?"

"పెద్దగా ఏం లేదండీ."

"తెలుస్తూనే ఉంది." హాల్లో నవ్వులు. "రాసుకోండమ్మా. పైన నూనె, అడుగున నీళ్ళు. అంటే కలవలేదు. వేడి మీదుండగానే తిప్పడం ఆపేసింది."

"మైనం తక్కువ వేసిందేమో మాస్టారూ?"

"తక్కువేస్తే ఇంత పెచ్చు ఎలా కడుతుంది? చూడండి, రాయిలా ఉంది."

"నీళ్ళు చల్లగా పోసేసిందేమో?"

"అప్పుడు మైనం ఉండలు కట్టేది. ఇందులో ఉండలెక్కడ? ఇవి గింజలు. షియా బటర్ కదలకుండా, తనంతట తను చల్లారితేనే ఇలా గింజలు పడతాయి. తిప్పుతూ ఉంటే ఒక్కటి కూడా రాదు."

"పాపం, బాగానే తిప్పిందేమో. చల్లారాక మోసుకొచ్చేటప్పుడు కుదుపులకి విరిగిందేమో?"

"సరిగ్గా తిప్పి చల్లార్చిన క్రీముని మీ జీపులో పెట్టి నెల్లాళ్ళు తిప్పండి, విరగదు." చిటికె వేశాడు. "మీరు వదినగార్ని వెనకేసుకు రాకండి మేడమ్. ఆవిడ నాలుగు తిప్పులు తిప్పి గరిటె అందులోనే వదిలేసి షికారుకెళ్ళింది. ఇదిగో, పెచ్చులో గరిటె నిలబడ్డ గుంట! తక్కువలో తక్కువ గంటసేపు గిన్నె మొహం చూడలేదు. ఇలాంటివాళ్ళ చేతికి గరిటె ఇవ్వకూడదు."

అందరికంటే గట్టిగా పళ్ళ డాక్టరమ్మ నవ్వింది.

"ఖాయమేనా మాస్టారూ?"

"కాగితం మీద సంతకం పెట్టిమ్మన్నా ఇస్తాను."

"సంతకం నా దగ్గరే ఉంది." ఇన్‌స్పెక్టర్ జేబులోంచి సీలు కాగితం తీసి మొదటి వరసలోకి చాపింది. "డాక్టరమ్మా, ఇది ఎవరిది?"

"నాదే. నిన్న ఇక్కడే, ఈ బల్ల మీద గిన్నెలోంచి తీసినప్పుడు..." ఆవిడ నవ్వు పెదాల మీదే ఎండిపోయింది.

హెడ్డు ఫోన్‌లో ఫోటో తెరిచి అందరికీ చూపించాడు. బల్ల, గిన్నె, నిలబడ్డ గరిటె.

"మా వదిన బుద్ధిమంతురాలు, సబ్బుతో కడుక్కుంటుంది," అంది ఇన్‌స్పెక్టర్. "ఇది నువ్వు నిన్న నాలుగు నించి ఐదున్నరదాకా చెయ్యి తియ్యకుండా తిప్పిన క్రీము. మైనం సరిపోయింది, నీళ్ళు వేడిగానే ఉన్నాయి, కుదుపులూ కాదు. అన్ని తలుపులూ నువ్వే మూసుకున్నావు. నాకేం పని మిగల్చలేదు."

మాస్టారు సీసా కింద పెట్టాడు. లేబులు లేకపోయినా దాన్ని సరిగ్గా తిప్పి పెట్టాడు.

"మీ అక్క బూజు సీసాలతో పైకొచ్చింది. సాయంత్రం వీళ్ళందరి ముందూ పెడతానంది. గరిటె వదిలేసి ఆవిడ వెనకే వెళ్ళావు. మెట్ల మీద ట్రే లాగావో, ఆవిణ్ణే తోశావో, అది నువ్వు చెప్పు. రెయిలింగు మీది గ్లవ్ తీసి మెట్ల మీద పడేశావు. పసిబిడ్డ తల్లి, వాదించడానికి దిక్కులేనిది, బాగా కుదిరింది."

"పొరపాటున..." అన్నాడు మాస్టారు. "ట్రే లాగానంతే. జారిపోయింది."

"కావచ్చు. పొద్దున పోస్ట్‌మార్టం డాక్టరు చెప్పాడు. పడ్డాక అరగంట బతికే ఉందట. నువ్వు ఒక్క కేక వేస్తే ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఆ అరగంటా ఎక్కడున్నావు? గరిటె దగ్గర మాత్రం లేవు."

మాస్టారు బోర్లించిన గిన్నె వంక చూస్తున్నాడు.

"మళ్ళీ వేడి చేసుంటే కలిసిపోయేది," అన్నాడు మెల్లగా. "విరిగినా బాగుచెయ్యొచ్చు. సన్నటి మంట మీద పెట్టి తిప్పితే చాలు. జనం వచ్చేశారు. టైము దొరకలేదు."

పళ్ళ డాక్టరమ్మ పెన్ను అలవాటు కొద్దీ అది కూడా రాసేసింది. రాశాక చూసుకుని, పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పదకొండు కాకముందే లాకప్ తలుపు తీశారు.

"వెళ్ళు," అంది ఇన్‌స్పెక్టర్.

"తేలిందా?"

"తేలింది."

"నిన్న నేను చెప్పిందేగా?"

"అదే."

ఆ పిల్ల ఇన్‌స్పెక్టర్ని కిందనించి పైదాకా ఒకసారి చూసింది. ఆవిడ ఉద్యోగంలో చాలామందిని అలా చూసింది గానీ, తనని ఎవరూ అలా చూడలేదు. గేటు దగ్గర పక్కింటావిడ పాపతో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి పాప గొంతు కీచుమంటోంది. ఆ పిల్ల ఇంటిదాకా కూడా ఆగలేదు. స్టేషన్ వరండాలో బల్ల మీద గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. ఇన్‌స్పెక్టర్ సెంట్రీని అటు తిరిగి నిలబడమంది.

కాసేపటికి పాప గుటకలు తప్ప ఏమీ వినబడలేదు.

"మేడమ్," అంది ఆ పిల్ల వెనక్కి తిరక్కుండానే. "అక్కగారిని ఎవరు తీసుకెళ్తారు?"

"ఎవరూ రాలేదు. తమ్ముడొక్కడేగా ఆవిడకి."

"పాప నిద్రపోయాక నేనొస్తాను. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి."

"ఇక్కడితో ఆపెయ్యవే తల్లీ. ఇది మీ పెద్దమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించు. ఇలాంటి క్లాసుకే ఎక్కడో చేరిందట, పిల్లలకి కూడా రాస్తోందట. నేను చెబితే వినదు. నువ్వు మెల్లగా చదువు, మధ్యలో పెట్టేస్తే మళ్ళీ చెయ్యి."