విరిగిన పాలనీళ్లు

శుక్రవారం పొద్దున్నే అంబిక పొయ్యి మీద మేకపాలు పెట్టింది. పొంగనివ్వలేదు. చిటికెనవేలు ముంచి, వేడి చాలనిపించగానే దించి, పాలు గడ్డకట్టే మందు చుక్కలు వేసి మూత పెట్టింది. సైప్రస్‌లో తను చాకిరీ చేసిన ఇంటి ముసలామె నేర్పిన పద్ధతి అది.

అత్త దుర్గక్క గడప దగ్గరే నిలబడి చూసింది.

"శుక్రవారం పూట పాలు ఇరగ్గొడతాండావేందే? బుద్ధుండాదా?"

"జున్ను అత్తా. హలూమి అంటారు. పెనం మీద కాల్చినా కరగదు. మంజు తింటాదని..."

"తింటాదని నీకెవరు చెప్పినారు?"

మంజుశ్రీకి పాలపళ్లు ఊడకముందే అంబిక దేశనూరు విడిచి సైప్రస్‌కు పనికి వెళ్లింది. ఇప్పుడు తిరిగొచ్చేసరికి కూతురు హైస్కూలుకు పోతోంది. తనను ఏమనీ పిలవదు. ఏదైనా కావాలంటే గోడ వైపు చూసి అడుగుతుంది. ఆ ఒక్క పిలుపు కోసమే ఈ పాలన్నీ అని తనలో తను ఒప్పుకోవడానికి కూడా అంబికకు సిగ్గు.

తోడుకున్న పాలను కోసి, గుడ్డలో మూటకట్టి రాయి కింద పెట్టింది. తేరిన నీళ్లు గిన్నెలో ఉంచి జున్నులోకి పుదీనా కోసం అంగడికి వెళ్లింది. వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉంది.

"నీళ్లేవత్తా?"

"గేదెకు పోసినా. ఇరిగిన పాలనీళ్లు దీపం పెట్టే ఇంట్లో పెట్టుకుంటారా?"

"జున్ను మళ్లా ఆ నీళ్లలోనే ఉడకాల! నా చేత్తో చేసింది ఒక్కటన్నా ఈడ నిలవనీవా?"

"నీ కూతుర్ని నిలబెట్టినా కదే. చాల్లేదా?"

"సుమ్నిరు జేజీ!" అని నానమ్మ నోరు మూయించి, జడకు రిబ్బను కట్టుకుంటూ మంజుశ్రీ బయటికొచ్చింది. మొదటిసారి తల్లి ముఖంలోకి చూసింది. "ఆ దేశంలో ముసలామెకు జ్వరమొస్తే నువ్వే తినిపిస్తాంటివా?"

"ఊ."

"పక్కనే పండుకుంటాంటివా?"

"అదే కదమ్మా నా పని. నీకోసమే..."

"నాకేమిష్టమో చెప్పు చూద్దాం."

"బొరుగుల ఉగ్గాని," అంది అంబిక ఆత్రంగా.

"అది చిన్నప్పుడు. ఇప్పుడు తింటే కడుపులో మంట."

అంబిక చేతిలో పుదీనా నలిగిపోయింది. ముసలామెకు ఉప్పెంత కావాలో, ఏ వైపు తిరిగితే నిద్రపడుతుందో ఆమెకు ఇప్పటికీ తెలుసు. కూతురి గురించి తెలిసిందల్లా ఎప్పుడో ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ ఆగిపోయిన పిల్లకే మనసులో తినిపిస్తూ వచ్చింది.

ఉత్త నీళ్లలోనే జున్ను ఉడికించి, ముక్కలు కోసి పెనం మీద కాల్చింది. రంగు వచ్చింది. రుచి మాత్రం నీళ్లలోకి పోయింది. పారబోసింది అత్త ఒక్కతే కాదు, కూతురి దగ్గరుండాల్సిన ఏళ్లను తనూ పారబోసిందనిపించింది.

మంజుశ్రీ ఒక ముక్క నోట్లో వేసుకుంది. పళ్ల కింద కిర్రుమంది.

"సప్పగుండాది." ఇంకో ముక్కను శెనక్కాయల పొడిలో అద్దుకుంది.

"మరి నీకేమిష్టం?"

"రేపు తొందరగా లెయ్. జేజి చేస్తాంటే చూడు." ఏమనీ పిలవకుండానే సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

దుర్గక్క పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని, ఉన్న నాలుగు పళ్లతో నమిలింది.

"ఇంకోసారి శుక్రవారం పెట్టుకోవద్దు," అంది. "నీళ్లు ఉంచుతాలే."

అప్పటిదాకా రాని ఏడుపు అంబికకు అప్పుడొచ్చింది.