ఐదు రాళ్ల ఇల్లు

ఖోర్ ఫక్కాన్ వెనక కొండల్లో ఒక జలపాతం ఉంది. పొద్దు వాలాక దాని దగ్గరికి ఎవరూ పోరు.

ఎడారి దేశంలో జలపాతమేమిటి అనుకుంటారు. ఉంది. ఇక్కడ వాగును వాది అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండు రాళ్లే. ఆ ఒక్క వాదిలో మాత్రం కొండ సందులోంచి సన్నటి ధార ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. కింద మడుగు. మడుగు చుట్టూ రెల్లు. రెల్లు కింద ఊబి. చలికాలంలో ఆ కొండదారిన నడవడానికి దుబాయ్ నుంచి, షార్జా నుంచి బండ్లేసుకుని వస్తారు. పొద్దున వచ్చినవాళ్లు ఎండ పసుపురంగుకు తిరగకముందే వెళ్లిపోతారు.

ఎందుకంటే చీకటి పడితే అక్కడ రాళ్లు వాటంతటవే ఒకదాని మీద ఒకటి లేచి నిలబడతాయట...

ఈ మాట నాకు మా చెల్లెలి భర్త హన్మంతు చెప్పాడు. ఆ దారి బాగుచేసే ముఠాలో పనివాడు. నేను ఖోర్ ఫక్కాన్‌లోనే ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తాను. సెలవు రోజు అతను మా వంటగది వెనక అరుగు మీద కూర్చుని చాయ్ తాగి పోతాడు.

"పొద్దున పోయి చూస్తే బాట పొంటి పేర్చి ఉంటయి వదినే. మా ముఠా పెట్టినయి కావని ఫోర్‌మన్ తన్ని పడగొట్టిస్తడు. రెండు దినాలకు మల్ల నిలబడతయి."

"నడకకొచ్చేటోళ్ల పనేమో."

"పొద్దు గూకినంక ఎవరొస్తరు? మా డ్రైవర్ షారుఖ్ జిన్ అంటడు, మన దయ్యం లెక్క. ఆ జిన్‌ను మా ముఠాల పెట్టిస్తే మా నడుములన్నా మిగులుతయి అన్న. నవ్విండు. కని ఆ మలుపు దాటేదాక హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యడు."

నాకు నవ్వు రాలేదు. గిన్నె దించి మెల్లగా అడిగాను. "హన్మంతూ... ఎన్ని రాళ్లు?"

అతను తల దించుకున్నాడు. "ఎవరు చూసిండ్రు వదినే. తన్నుడే గద."

ఎందుకడిగానో అతనికి తెలుసు. మీకు చెప్పాలి.

మాది జగిత్యాల దిక్కు. చిన్నప్పుడు కొండగట్టు ఎక్కుతూ నేనూ నా తమ్ముడు రత్నాకర్ దారి పక్కన రాళ్లు పేర్చేవాళ్లం. సొంతిల్లు కావాలనుకున్నవాళ్లు గుట్ట మీద అట్లా పేర్చి మొక్కుకుంటారు. మా ఇంటి లెక్క ఐదు. నాలుగు గోడలకు నాలుగు, కప్పుకు ఒకటి. కప్పుకు తెల్లరాయే కావాలని వాడు ముళ్లపొదలన్నీ వెతికేవాడు. ఇంకో మాట కూడా వాడికి నేనే నేర్పాను, మా నాయనమ్మ నాకు నేర్పినట్టే. ఎవరు పేర్చిన ఇల్లు వాళ్లే విప్పాలి. పరాయి చెయ్యి తగలకూడదు.

రత్నాకర్ కూడా ఆ ముఠాలోనే పనిచేశాడు. నడిచేవాళ్లు దారి తప్పకుండా మలుపు మలుపుకు మూడేసి రాళ్లు పేర్చడం వాళ్ల పని. మూడు రాళ్లు కనబడితే అది బాట అని గుర్తు. వాడు పని మధ్యలో మడుగు ఒడ్డున, రెల్లు పక్కన, తనకోసం ఐదు పేర్చుకున్నాడు. పైన తెల్లరాయి. ఫోటో పంపి, "ఈడ గుట్ట ఉన్నది, నీళ్లున్నయి. దేవుడు ఇనడా అక్కా" అన్నాడు.

రెండువేల ఇరవై నాలుగు ఏప్రిల్‌లో పడ్డ వానకు వాది పొంగింది. పనిలో ఉన్న తొమ్మిది మందిలో ఎనిమిది మంది బయటపడ్డారు. రత్నాకర్ రాలేదు. వారం వెతికారు. చెప్పు కూడా దొరకలేదు.

అక్కడ మా ఊళ్లో అమ్మ ఐలవ్వ దినాలు చెయ్యనివ్వలేదు. "బతికున్న కొడుక్కు పిండం పెడితే నేను తల్లినేనా" అంది. రోజూ ఫోను చేసి ఒకటే మాట. "దొరికిండా బిడ్డా?" దినాలు చెయ్యకపోతే పోయినవాడు తోవ లేక తిరుగుతాడు. చేస్తే, బతికున్నవాణ్ణి మా చేతులతో మేమే చంపినట్టు. ఏదో ఒకటి తేల్చి చెప్పాల్సిన మనిషిని నేనే.

అందుకే రాళ్ల మాట వినగానే నాకు ఆశ పుట్టింది. తలకు దెబ్బ తగిలి మతి తప్పి, ఆ కొండల్లో మేకలు కాసేవాళ్ల దగ్గర ఉన్నాడేమో. పేరు మరిచినా చేతులు మరవక ఇల్లు పేర్చుకుంటున్నాడేమో. ఆంజనేయస్వామికి మొక్కుకుని ఇరవై ఒక్క రోజులు ఒంటిపూట తిన్నాను. "ఒక్క సాయంత్రం ఆగు హన్మంతూ. మూడో ఐదో చూసి రా, చాలు" అని బతిమాలాను.

అతను ఆగాడు. ఇది అతను చెప్పిందే.

ముఠా బండెక్కింది. నడిచి వస్తానని హన్మంతు చెబితే షారుఖ్ కిటికీలోంచి, "సరే భాయ్, నీ మంచం ఎవరికియ్యమంటవో ఇప్పుడే చెప్పు" అన్నాడట. బండి చప్పుడు మలుపు తిరిగి పోయింది.

పెద్ద బండ వెనక కూర్చున్నాడు. కొండ నీడ మడుగంతా కమ్మింది. దూరంగా ఎక్కడో మసీదులోంచి మగ్రిబ్ బాంగు, పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, వినబడి ఆగింది. తర్వాత ధార చప్పుడు ఒక్కటే...

చాలాసేపు ఒక్కటే.

అప్పుడు—

టక్.

రాయి మీద రాయి పెట్టిన చప్పుడు.

బండ పక్కనుంచి తొంగి చూశాడు. రెల్లు అవతల ఎవరో వంగి ఉన్నారు. మోకాళ్ల దాకా బురద. తల మీద తువ్వాల. చేతిలో రాయిని అటూ ఇటూ తిప్పి, కూర్చునే పక్క వెతికి... పెట్టాడు.

టక్.

హన్మంతుకు చీకట్లో అట్లా పేరు పెట్టి పిలవకూడదని తెలుసు. పిలిచాడు.

"రత్నం...?"

ఆ మనిషి కదల్లేదు. వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు.

"రత్నాన్ని కాదు హన్మంతన్నా."

గంగాప్రసాద్. రత్నాకర్ గదిలోనే ఉండేవాడు. వాన తర్వాత ముఠా వదిలేసి పోర్టు పనికి పోయాడు. షిఫ్టు లేనప్పుడల్లా నడుచుకుంటూ ఇక్కడికి వస్తాడట.

"ఎన్ని రాళ్లు పెడుతున్నవు ప్రసాదూ?"

"మూడు."

"మూడెందుకు?"

"బాట గుర్తు గద. వానికి." అతను చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "వానకు ముందు దినం ఫోర్‌మన్ నన్నే పంపిండు. బాట గుర్తు కాని రాళ్లన్ని పడగొట్టుమన్నడు. అన్ని పడగొట్టిన. రత్నం ఐదు రాళ్లు మాత్రం ముట్టలే. పరాయి చెయ్యి తగలొద్దని వాళ్లక్క నేర్పిందట, వాడే చెప్పిండు. ఒకని ఇల్లు నేనెట్ల పడగొడత అన్నా? మనం గట్ల పెరిగినోళ్లమా?"

హన్మంతు బండ వెనక నుంచి దగ్గరికి వచ్చాడు.

"తెల్లారి నీళ్లొచ్చినయి. పట్టపగలు చీకటయింది. కింది రెండు రాళ్లు మునిగినయి. నాకు పై మూడే కనబడ్డయి... బాట అనుకున్న. అటే ఉరికిన. ఊబిల పడ్డ. రత్నం వెనకకెల్లి అరుస్తనే ఉన్నడు. అటు కాదురా, అది నా ఇల్లురా అని. వచ్చి నన్ను గుంజి ఒడ్డుకు నూకిండు. వాడు నడుం దాక దిగిండు... ఛాతీ దాక... నా చెయ్యి అందలే. నా కండ్ల ముంగటనే పోయిండన్నా. కనబడలేదని అందరికి అబద్ధం చెప్పిన."

"మరి ఈ రాళ్లు?"

"ఈడికెల్లి రోడ్డు దాక పెడుతున్న. వాడన్న బయటికి రావాలె గద."

ఆ రాత్రి హన్మంతు మా అరుగు మీద కూర్చుని ఇదంతా చెప్పాడు. ముందు మాత్రం రెండే మాటలన్నాడు. "మూడే వదినే."

ఐదు కాదంటే పేర్చింది తమ్ముడు కాదని నాకు అప్పుడే అర్థమైంది. పొయ్యి ఆర్పేశాను.

అమ్మకు ఫోను చేశాను. తమ్ముడు పోవడం కళ్లారా చూసినవాడు ఉన్నాడని చెప్పాను. రాళ్ల సంగతి చెప్పలేదు. ఇల్లు పేర్చడం నేర్పింది నేను, ముట్టకూడదని నేర్పింది నేను, ఆమెకు అదెట్లా చెప్పను? అమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత "సరే బిడ్డా" అంది. అమావాస్య నాడు వాడి అంగీ ముందు పెట్టి దినాలు చేశారు.

పై ఆదివారం పొద్దున్నే గంగాప్రసాద్‌ను తోడు రమ్మని, పూలు తీసుకుని అక్కడికి వెళ్లాను. హన్మంతు రానన్నాడు. దారి పొడుగునా గంగాప్రసాద్ పెట్టినవే, మూడు, మూడు, మూడు... రోడ్డు నుంచి మడుగు దాకా. నేను ఒక్కో గుర్తు దగ్గరా ఆగి రామనామం అనుకుంటూ నడిచాను.

మడుగు దగ్గర గంగాప్రసాద్ ఆగిపోయాడు.

ఊబి నట్టనడుమ, రెల్లు లోపల, ఒక బండ ఉంది. మనిషి కాలు పెట్టలేని చోటు. దాని మీద రాళ్లు పేర్చి ఉన్నాయి.

"నువ్వేనా ప్రసాదూ?"

"కాదక్కా." గొంతు గుసగుసయింది. "వాని ఇల్లు ఉన్న ఒడ్డే కొట్టుకపోయింది. ఆడికి ఎవరు పోలేరు."

చూపుడువేలు చాపి లెక్కపెట్టాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు...

పైన తెల్లరాయి. నెల రోజులుగా చినుకు లేదు. ధార అంత దూరం చిమ్మదు. ఆ రాయి తడిగా ఉంది.

పూలు నీళ్లలో వదిలాను. "తమ్మీ, బాట పెట్టిండ్రు. మూడు రాళ్ల గుర్తు పట్టుకుని రారా" అన్నాను. రెల్లు కదల్లేదు. ఇద్దరం వెనక్కి తిరిగాం. పది అడుగులు వేశామో లేదో...

టక్.

గంగాప్రసాద్ నా వైపు చూశాడు. నేను వెనక్కి చూడలేదు.

ఆ సాయంత్రం అమ్మ ఫోను చేసింది. ఆమె గొంతు చాలా రోజుల తర్వాత నెమ్మదిగా ఉంది.

"దినాలైనయి గద. నా కొడుక్కు తోవ దొరికినట్టేనా బిడ్డా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"ఇల్లు దొరికిందమ్మా" అన్నాను.