అడగని తేదీ

అన్నమ్మ వడ్డించిన ఇడ్లీలు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు. విజయ్ కుమార్ ఆటో కోసం వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. పదింటికల్లా డాక్టరమ్మ దగ్గర ఉండాలి.

పోయిన నెల అతని భార్య షీబా బాత్రూములో జారిపడితే, నడుముకి ఎక్స్‌రే తీసింది మామగారు సత్యవేదమే. బందరులో ముప్పై ఏళ్లుగా ఆయనది అదే పని. అప్పటికే కోడలు కడుపుతో ఉందని మొన్న తెలిసింది. ఎక్స్‌రే బిడ్డకి తగిలుంటుందని ఇంట్లో సంతోషం కాస్తా భయమైపోయింది. కడుపు తీయించేద్దామని విజయ్ పట్టుబట్టాడు.

సత్యవేదం ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"లెక్కేశాన్రా. మిషన్ ఎంతలో పెట్టానో, ఎంత దూరంలో పెట్టానో రిజిస్టర్లో ఉంది. బిడ్డకి తగిలింది మహా అయితే మూడు మిల్లీగ్రేల రేడియేషన్. వంద దాకా వెళ్తే కదా భయపడాల్సింది!"

"తప్పు చేసిందీ నువ్వే, లెక్కేసేదీ నువ్వేనా? తక్కువ రాసుకోలేదని నమ్మకమేంటి నాన్నా?"

"ఒరేయ్!" అంది తల్లి అన్నమ్మ.

సత్యవేదం కాగితం కొడుకు ముందు పెట్టాడు. "తెలియనిచోటల్లా ఎక్కువే వేశాను. నా మనవడి దగ్గర తక్కువ రాసి ఎవర్ని మోసం చేసుకుంటాన్రా?"

షీబా తలెత్తింది. "మావయ్యగారూ, ఎక్స్‌రేకి వచ్చిన ఆడవాళ్లందర్నీ నెలసరి తేదీ అడుగుతారుగా. నన్నెందుకు అడగలేదండీ?"

అడగమని ఎక్స్‌రే గది గోడ మీద బోర్డు రాయించింది కూడా ఆయనే. ఇంటి కోడలి దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. అదే మర్యాద అనుకున్నాడు. ఏం పాడు మర్యాదో!

"సిగ్గుపడ్డానమ్మా. క్షమించు తల్లీ."

షీబా కాగితం అందుకుని చూసింది. అడుగున ఒక గడి ఖాళీగా ఉంది. "ఇది రాయలేదేం?"

"ఎన్నో వారమో తెలియాలంటే ఆ తేదీ కావాలి. ఇప్పుడూ అడగలేకపోయాను."

"ఇప్పుడు అడగండి."

సత్యవేదం కళ్లు తుడుచుకున్నాడు. "అమ్మా, నీకు ఆఖరిసారి నెలసరి ఎప్పుడొచ్చింది?"

"జూన్ పదకొండు."

ఆయన రాసుకున్నాడు. అన్నమ్మకి ఏడుపు ఆగలేదు. ఇంతలో ఆటో వచ్చింది.

"మీరూ రండి మావయ్యగారూ. డాక్టరమ్మ పరవాలేదంటే నా బిడ్డని నేను ఉంచుకుంటాను" అంది షీబా.

డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "బిడ్డకేం భయం లేదు. నిజానికి ఇంకా తక్కువే తగిలుంటుంది. భయంకొద్దీ బాగా ఎక్కువ వేసేశారు సత్యవేదంగారూ!" అని నవ్వింది.

విజయ్ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నాన్నా" అన్నాడు.